గెడ్డ అన్న మాట

మొన్న ఆదివారం మా వైశాలి నగర్ ఇంట్లో దుప్పట్లు నానబెట్టి చేత్తోనే ఉతికాను. వాషింగ్ మెషీన్ మూలనపడి ఉంది, బాగుచేసే అబ్బాయి రేపు రేపు అని తిప్పుకుంటున్నాడు. పని అయ్యాక చేతులు తుడుచుకుంటుంటే వేళ్ల కొసలు తెల్లగా ఉబ్బి, ముడతలు పడి, ఒకదాన్నొకటి తాకిస్తే నావి కానట్టున్నాయి. అలా చూస్తూ నిలబడిపోయాను. పక్కనుంచి ఎవరో "ఏటమ్మా, ఈ ముడతలు ఏటి సెప్తన్నాయి?" అని అడిగినట్టే అయింది. అడిగే మనిషి పోయి చాలా ఏళ్లయింది. జవాబు మాత్రం ఇప్పటికీ తడుముకోకుండా వస్తుంది. నీళ్లలో చాలాసేపు ఉన్నాడని చెప్తున్నాయి సార్, ఎలా చనిపోయాడో చెప్పడం లేదు.

ఆయన డాక్టర్ పైడిరాజు గారు. ఉక్కు కర్మాగారం పొగగొట్టాలు కనిపించేంత దూరంలో ఉన్న ఓ సర్కారు ఆసుపత్రిలో శవపరీక్షలు చేసేవారు. సొంతూరు శ్రీకాకుళం వైపు పల్లె. ఉద్యోగానికని ఇటు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. బక్కపలచటి మనిషి, మాట పెళుసు. పోలీసుల మీద లేచే గొంతు చనిపోయినవాళ్ల ఇంటివాళ్ల దగ్గర సగానికి దిగేది. ఎంత పెద్ద ఆఫీసరు ఎదురుగా ఉన్నా ఆయన యాస మారేది కాదు, హిందీ మాట్లాడినా అందులోంచి శ్రీకాకుళం వినబడేది. మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు. పేపర్లలో పేరు పడే రకం కాదు, సన్మానాలంటే ఆమడ దూరం. నేను ఈ వృత్తిలో ఇలా ఉన్నానంటే దానికి కారణం మాత్రం ఆయనే.

నిజం చెప్పాలంటే నేను ఆయన దగ్గరికి ఇష్టపడి వెళ్లలేదు. తొంభైల నడిమి రోజులవి. ఛత్తీస్‌గఢ్ ఇంకా రాష్ట్రం కాలేదు, మేం మధ్యప్రదేశ్‌లోనే ఉన్నాం. కొత్తగా ఉద్యోగంలో చేరి కాన్పుల వార్డు ఇమ్మని అడిగితే, మనుషులు చాలడం లేదని నన్ను శవాల గదికి వేశారు. మా అమ్మకి తల కొట్టేసినట్టయింది. "ఆడపిల్లకి ఇదేటి డ్యూటీ? అడిగేవోలు లేరేటి?" అని రోజూ గొడవ. నేను ఇంటికొచ్చే వేళకి పెరట్లో పసుపు కలిపిన వేణ్నీళ్లు సిద్ధంగా ఉండేవి, స్నానం కాకుండా గడప దాటనిచ్చేది కాదు. ప్లాంటులో రైలుపట్టాలు తయారయ్యే మిల్లులో పనిచేసే మా నాన్న మాత్రం, "డాక్టరన్నాక అన్నీ సూడాలే" అని పేపరు వెనకనుంచి ఒక్క మాట అని ఊరుకున్నారు. ఏడాది ఎలాగో గడిపేసి బదిలీ అడుగుదామని నా ఆలోచన.

చేరిన కొత్తల్లో ఓ ముసలాయన శవం వచ్చింది. కాలనీ చివరి చెరువులో తేలిందని కానిస్టేబుల్ చెప్పాడు. నేను బుద్ధిగా కాగితం తీసి రాయడం మొదలుపెట్టాను. పైడిరాజు గారు నా భుజం మీదుగా తొంగిచూశారు.

"ఏటి రాసేవు?"

"నీట మునిగి చనిపోయాడని, సార్."

"నువ్వు సూసేవా?"

"పోలీసులు చెప్పారు."

"ఆలు సూసేరా? నీళ్లలో దొరికేడు. మనకి తెల్సినది అంతవరకే. మునిగి పోయేడో, పోయేక మునిగేడో ఇంకా సూడాల."

చూశాక తేలిందేమిటంటే, ఆ ముసలాయన ఊపిరితిత్తుల్లో నీటి జాడే లేదు. గుండెజబ్బుతో చెరువు గట్టు మీదే ప్రాణం పోయింది, మనిషి నీళ్లలోకి ఒరిగిపోయాడు. ఆయన కొడుకులిద్దరూ ఒకరినొకరు, నువ్వు చూసుకోలేదంటే నువ్వు చూసుకోలేదని, ఆసుపత్రి వరండాలోనే కొట్టుకునేదాకా వచ్చారు. పైడిరాజు గారు వెళ్లి వాళ్లకి చెప్పారు. మీ నాన్న నీళ్లలో పడి పోలేదు, మంచం మీదున్నా అదే సమయానికి పోయేవాడు అని. ఇద్దరూ చతికిలబడి ఏడ్చారు. దూరాన నిలబడి చూస్తున్న నాకు, ఈ గదిలో జరిగే పనికి బతికున్నవాళ్లతోనే ఎక్కువ సంబంధం ఉందని మొదటిసారి అనిపించింది. బదిలీ మాట కాస్త వెనక్కి నెట్టాను.

ఆయన పాఠం చెప్పే తీరు వేరు. మునిగి చనిపోయిన మనిషి నోటి దగ్గర, ముక్కు దగ్గర, సబ్బు నురగలా సన్నటి తెల్లటి నురగ ఉంటుంది. తుడిస్తే మళ్లీ వస్తుంది. ఊపిరితిత్తులు ఉబ్బి, వేలితో నొక్కితే చపాతీ పిండిలా గుంట పడి అలాగే ఉంటాయి. గాలిగొట్టంలో ఇసకో, ఒండ్రో, నాచు పోగో దొరుకుతుంది. ఒక్కోసారి పిడికిలి బిగించి ఉంటుంది, విప్పితే లోపల గడ్డి. చచ్చిపోయినవాడు గడ్డి పట్టుకోడు కదా. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవే. ఆయన చేసిందేమిటంటే, ప్రతి గుర్తు దగ్గరా నన్ను ఆపి, ఇది ఏం చెప్తోంది, ఏం చెప్పడం లేదు అని రెండు ప్రశ్నలూ అడిగేవారు. మొదటిదానికి జవాబిచ్చి రెండోది మరిచిపోతే ఆ పూట నాతో మాట్లాడేవారు కాదు. మొండి మనిషి. నాకు ఒళ్లు మండేది.

ఈ గుర్తులతో తేలని శవాలు వచ్చినప్పుడు తొడ ఎముకలోంచి మూలుగ తీసి దూరాన ఉన్న పెద్ద ప్రయోగశాలకి పంపేవారు. అది ఎందుకో చెప్తాను, లేకపోతే తరవాత కథ అర్థం కాదు. చెరువైనా కాలవైనా, నీళ్లలో కంటికి కనిపించని నాచు జాతి జీవాలు ఉంటాయి. వాటిని డయాటమ్‌లంటారు. ఒక్కోదానికి గాజులాంటి గట్టి పెంకు ఉంటుంది. బతికున్న మనిషి నీళ్లు పీల్చితే అవి ఊపిరితిత్తుల్లోంచి నెత్తుటిలోకి దిగుతాయి. గుండె కొట్టుకుంటున్నంతసేపూ నెత్తురుతో పాటు ఒళ్లంతా తిరిగి ఎముక మూలుగదాకా చేరతాయి. పోయాక నీళ్లలో పడేసిన శవంలో వాటిని అంతదూరం మోసుకెళ్లేందుకు గుండె ఉండదు. మూలుగని ఘాటైన ఆమ్లంలో మరిగిస్తే అన్నీ కరిగిపోయి ఆ గాజు పెంకులు మిగులుతాయి. పైగా ఒక నీటిలో ఉండే రకాలు ఇంకో నీటిలో ఉండవు, పారే నీళ్లవి వేరు, నిలవ నీళ్లవి వేరు. అందుకని అనుమానం ఉన్న చోట నీళ్లు కూడా సీసాలో పట్టి పంపాలి.

ఈ నీళ్ల దగ్గరే రోజూ యుద్ధం. ఒకసారి ఓ కానిస్టేబుల్ నారింజ షర్బతు సీసాలో చెరువు నీళ్లు పట్టుకొచ్చాడు. పైడిరాజు గారు మూత తీసి వాసన చూసి, "ఇది ల్యాబుకి పంపాలా, తాగాలా?" అని అతని చేతిలోనే పెట్టారు. ఆ కానిస్టేబుల్ మళ్లీ సైకిలెక్కి ఎండలో చెరువుకి వెళ్లక తప్పలేదు. ఆసుపత్రి కొళాయి నీళ్లలోనూ ఆ జీవాలుంటాయని కత్తులన్నీ బ్యాటరీ షాపులో కొన్న డిస్టిల్డ్ వాటర్‌తో కడిగించేవారు. కడిగేది నేనే. కాన్పులు చేద్దామనుకున్నదాన్ని కత్తులు కడుగుతున్నానని సణిగితే, "ఇవి సరిగ్గా కడక్కపోతే కొళాయి నీళ్లు ఒకడి పీక మీదికొస్తాయమ్మా" అనేవారు.

ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. ఓ పొద్దున, జాముల్ వైపు ఓ బస్తీలో ఉండే రమణ అనే మనిషి శవం వచ్చింది. సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ. అమ్మ సూరమ్మ, పెళ్లాం పార్వతి, ఆ బస్తీలోనే రెండిళ్లవతల ఉండే పార్వతి తమ్ముడు కిశోర్, ఇవీ అతని మనుషులు. బావా బావమరుదులు ఇద్దరూ ముందురోజు చేపలకని కలిసి బయల్దేరారు. దారిలో ఏదో మాటా మాటా పెరిగింది, నేను సగంలోనే తిరిగొచ్చేశానని కిశోర్ చెప్పాడు. రమణ ఇంటికి రాలేదు. మర్నాడు బస్తీకి బాగా దూరంగా, ఇక్కడివాళ్లు నాలా అనే వాగు మీద కట్టిన చిన్న ఆనకట్ట రాళ్లలో శవం చిక్కుకుని కనబడింది. నెత్తి మీద గాయం ఉంది.

పరీక్ష ఇద్దరం కలిసి చేశాం. నురగ ఉంది. ఊపిరితిత్తులు ఉబ్బి ఉన్నాయి. కుడి పిడికిలి విప్పితే తుంగపోచలు దొరికాయి. నెత్తి మీది గాయం చుట్టూ నెత్తురు గూడు కట్టలేదు. అంటే ప్రాణం పోయాక రాళ్లకి గీసుకున్న గాయం, కొట్టింది కాదు. బతికుండగానే నీళ్లలో పడ్డాడని మాకిద్దరికీ అర్థమైంది. బయటికొచ్చి ఇన్‌స్పెక్టరుకి ఆ మాటే చెప్పాం. ఆయన తలూపాడు గానీ సంతృప్తి పడలేదు.

"డాక్టర్ సాబ్, మునిగే పోయాడనుకుందాం. ఎక్కడ? మా తో గడ్ఢా బోల్ రహీ హై, ఔర్ సాలా నాలా బోల్తా హై."

తల్లి గడ్ఢా అంటోంది, బావమరిది నాలా అంటున్నాడని. ఆయన లెక్క ఇదీ. సూరమ్మ ఇంటి వెనకే సున్నపురాయి తవ్వి వదిలేసిన క్వారీ ఉంది. వానలకి నిండి పెద్ద నీటి గొయ్యి అయింది. అక్కడివాళ్లు దాన్ని హిందీలో గడ్ఢా అంటారు. నా కొడుకు బావమరిదితో కలిసి అక్కడికే వెళ్లాడని తల్లి చెప్పింది. బావమరిది మాత్రం మేం నాలాకి బయల్దేరామంటున్నాడు. శవం గొయ్యికి అంత దూరంలో దొరికింది. కిశోర్ సామాన్లు తోలే టెంపో నడుపుతాడు. దారిలో తగువైందని తనే ఒప్పుకున్నాడు. కాబట్టి గొయ్యిలో ముంచి చంపి, టెంపోలో వేసుకెళ్లి నాలాలో పారేశాడు. వినడానికి ఎక్కడా లొసుగు లేదు. కిశోర్‌ని ఆ పూటే ఠాణాకి తీసుకెళ్లారు.

మేం మళ్లీ లోపలికెళ్లి చేతులు కడుక్కుంటుండగా వరండాలోంచి సూరమ్మ ఏడుపు వినబడింది. "గెడ్డకెల్తన్నానమ్మా అనీసి ఎల్లినావురా నాయినా, గెడ్డే నిన్ను మింగీసినాదిరా" అని గుండెలు బాదుకుంటోంది. నాకూ ఇన్‌స్పెక్టరు చెప్పిన గొయ్యే గుర్తొచ్చింది. మా అమ్మానాన్నలది విశాఖపట్నం టౌను, నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడి ప్లాంటు క్వార్టర్ల సెక్టార్లో. సెక్టార్లలో కొళాయిలుంటాయి, ఆ మాటతో మాకేం పని పడుతుంది? "నీది రేషను తెలుగమ్మా, ఇంటికి సరిపడా ఇస్తారు, బైటికి మిగల్దు" అని పైడిరాజు గారు నన్ను ఎప్పుడూ ఏడిపించేవారు. ఆయన కొళాయి కట్టేసి, తడి చేతులతోనే బయటికి నడిచారు. ఆమె పక్కన గొంతుకూర్చున్నారు.

"అమ్మా, గెడ్డంటే ఏ గెడ్డ?"

"ఏ గెడ్డేటి బావూ. సిమెంటు రోడ్డు దాటేక పారతాది సూడు, ఆ గెడ్డే."

"మీ ఇంటెనకాల గొయ్యి కాదేటి?"

"గొయ్యిలో సేపలుంటాయేటి?" అని ఆమె ఏడుపు ఆపి, ఈ డాక్టరుకి మతి ఉందా అన్నట్టు చూసింది.

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పారే వాగుని గెడ్డ అంటారు. సూరమ్మ గెడ్డ అంది, ఆమె మాట రాసుకున్న ఛత్తీస్‌గఢీ కానిస్టేబుల్ గడ్ఢా అని విన్నాడు. ఇంటి వెనకే గొయ్యి కనబడుతుంటే ఇంకోలా వినడానికి అతనికి కారణం లేదు. ఇక్కడే పుట్టిన కిశోర్ తెలుగు కన్నా హిందీ బాగా మాట్లాడతాడు, అదే వాగుని నాలా అన్నాడు. తల్లీ కుర్రాడూ ఒకే మాట చెప్పారు. రెండు భాషల్లో చెప్పారు గనక ఒకరు అబద్ధమాడినట్టయింది.

పైడిరాజు గారు వెంటనే ఇన్‌స్పెక్టరుని పిలిచి సంగతి విప్పి చెప్పారు. ఆయన చెడ్డవాడేం కాదు. శ్రద్ధగా విన్నాడు. విని, "మీ మాట నేను నమ్ముతాను డాక్టర్ సాబ్. అదాలత్ మానేగీ క్యా?" అన్నాడు. చనిపోయినవాడు తెలుగువాడు, పట్టుబడ్డవాడు తెలుగువాడు, మాటకి అర్థం చెప్పే డాక్టరూ తెలుగువాడే, కోర్టు నమ్ముతుందా అని. నాకు కోపం ముంచుకొచ్చింది. పైడిరాజు గారికి రాలేదు.

"సరిగ్గా అడిగేడు" అన్నారు నాతో. ఆ తరవాత ఇన్‌స్పెక్టరుతో, గొయ్యి నీళ్లు, నాలా నీళ్లు, మీ మనుషులే పట్టి మీరే సీలు వేసి తెండి, నేను ముట్టను అన్నారు. "నీళ్లకి తెలుగూ రాదు, హిందీ రాదు. ఆటినే అడుగుదాం." మూలుగతో పాటు రెండు సీసాలూ ప్రయోగశాలకి వెళ్లాయి.

ఇక ఎదురుచూడటమే పని. ఆ రోజుల్లో ప్రయోగశాల జవాబంటే ఎప్పుడొస్తుందో చెప్పలేం. కిశోర్ జైల్లో ఉన్నాడు. బస్తీలో పోలీసుల లెక్కే పాకిపోయింది. కొడుకు పోయిన దుఃఖంలో ఉన్న సూరమ్మకి, ఎవరో ఒకరిని ద్వేషించడానికి ఆ లెక్క పనికొచ్చింది. నా కొడుకుని నీ తమ్ముడే పొట్టనపెట్టుకున్నాడని కోడల్ని ఇంట్లోంచి పంపేసింది. పార్వతి తమ్ముడి ఇంట్లో ఒంటరిగా ఉండేది. ఒకరోజు ఆసుపత్రికి వచ్చి, నన్ను చూసి వరండా స్తంభం పట్టుకుని నిలబడింది. "దీదీ, మేరా భాయీ ఐసా నహీఁ హై. నా తమ్ముడు అలాటోడు కాదు. మొగుడూ పోయేడు, తమ్ముడూ పోతే నానెవులికి వండాలి?" అంది. 

ఆ సాయంత్రమే పైడిరాజు గారితో దెబ్బలాడాను. ప్లాంటులో రిటైరైన పెద్దమనుషులు కొందరు అప్పటికే ఆయన దగ్గరికి వచ్చి, "మనోడే కదా డాక్టరుగారూ, ఓ మాట రాసీండి, కుర్రోడు బేగి బయటపడతాడు" అని అడిగి, ఆయన కుదరదంటే ముఖాలు ముడుచుకుని వెళ్లిపోయారు. ఈయన మనవాడే కాదని ఊళ్లో అనడం మొదలైంది.

"మీకు తెలుసు కదా సార్. ఆ రాళ్ల దగ్గరే, ఆ వాగులోనే పోయాడని తెలుసు. రాయడానికేం?"

"నాకు తెల్సినది ఒకటి, నాను సూపించగలిగినది ఒకటి. తుంగపోస గొయ్యి ఒడ్డునా ఉంటాది, గెడ్డ ఒడ్డునా ఉంటాది. బతికుండగా పడ్డాడని రాసేను. ఎక్కడో రాయలేను."

"ఈలోపల ఆ అబ్బాయి లోపలే ఉంటాడా?"

"ఇప్పుడు నాను ఓటి ఊరికే రాసీసేననుకో. రేపు కోర్టులో వకీలు నిలబడి, డాక్టరు వీళ్లోడే, రాసిపెట్టేడు అంటాడు. ఆ మాట ఒక్కసారి పడ్డాదంటే, తరవాత నీళ్లు నిజం సెప్పినా ఎవుడూ యినడు. అప్పుడా కుర్రోణ్ణి ఎవులు తెస్తారు?"

నా కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపంతో.  ఆ రోజులన్నీ ఆయన కూడా సరిగ్గా తినలేదని, నిద్రపోలేదని, తరవాత ఎప్పుడో ఆయన భార్య చెప్పగా తెలిసింది. నాకు మాత్రం అప్పుడు ఆయన రాతి మనిషిలాగే కనిపించారు.

దసరా దాటాక ప్రయోగశాలనుంచి జవాబు వచ్చింది. రమణ మూలుగలో డయాటమ్‌లు ఉన్నాయి. ఆ రకాలు నాలా నీళ్లలో ఉన్నవాటితో సరిపోయాయి. క్వారీ గొయ్యి నీళ్లలో ఉన్నవి పూర్తిగా వేరు. గొయ్యిలో ముంచి నాలాలో పారేశారన్న లెక్క అక్కడే కూలిపోయింది, కిశోర్ మీద వేరే ఆధారమేదీ లేదు. ఇన్‌స్పెక్టరు తనే వచ్చి, మాట తెలియక పొరపాటు జరిగిందని పైడిరాజు గారి చెయ్యి పట్టుకున్నాడు. రమణ ఒడ్డున కాలు జారి పడి ఉంటాడని తేల్చి కేసు మూసేశారు. కిశోర్ బయటికొచ్చాడు. నా వరకూ కథ అక్కడితో అయిపోయింది, మిఠాయి తెప్పిద్దామా అన్నంత సంతోషంగా ఉన్నాను.

"జాముల్ ఎల్దాం పద" అన్నారు పైడిరాజు గారు.

"ఎందుకు సార్? పోలీసులు చెప్తారు కదా."

"ఆలు కుర్రోణ్ణి ఇడిచిపెట్టీసేం అని సెప్తారు. ఎందుకు ఇడిచిపెట్టేరో ఆవిడికి ఎవులు సెప్తారు? డబ్బిచ్చి ఇడిపించుకున్నారనుకుంటాది. కోడలు ఎప్పుడికీ ఇంటికి రాదు."

ఆయన స్కూటరు వెనక కూర్చుని వెళ్లాను. బస్తీలో ఇళ్ల పైకప్పులన్నీ సిమెంటు దుమ్ముతో బూడిదరంగులో ఉన్నాయి. సూరమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. మమ్మల్ని చూసి లేవలేదు, రమ్మనలేదు. పైడిరాజు గారు ఆమె ఎదురుగా మట్టి అరుగు మీద కూర్చున్నారు. నేను పక్కన నిలబడ్డాను. కాసేపు ఆమె బియ్యం ఏరుతూనే ఉంది. ఆయన మెల్లగా మొదలుపెట్టారు. నువ్వు గెడ్డ అన్నావు, ఆ కుర్రాడు నాలా అన్నాడు, ఇద్దరూ నిజమే చెప్పారు, వినేవాడికి నీ మాట తెలియలేదు అని.

"నా మాటకా ఆడు జైల్లో కూకున్నాడు?" అంది ఆమె, తలెత్తకుండానే.

"నీ తప్పు కాదమ్మా. నువ్వు మీ ఊరి మాటే అన్నావు."

"మరి ఆడు సెయ్యలేదని నీకెలా తెలిసినాది బావూ?"

ఆయన చెప్పారు. నాకు పాఠం చెప్పినట్టే, ఒక్కో మెట్టూ విడిగా. గెడ్డ నీళ్లలో కంటికి ఆనని నలకలుంటాయని, మనిషి ఆ నీళ్లు పీల్చితే అవి లోపలికి వెళ్తాయని, గుండె వాటిని నెత్తుటితో పాటు ఎముక లోపలిదాకా తోస్తుందని. రమణ ఎముకలో దొరికినవి ఆ గెడ్డవేనని, గొయ్యివి కావని. ఆమె చేతులు ఆగిపోయాయి.

"గుండె ఆగిపోనాక ఎల్లవేటి?"

"ఎల్లవమ్మా."

ఆ ప్రశ్న ఎటు పోతోందో నాకు అప్పుడు తెలిసింది. ఆ కుర్రాణ్ణి విడిపించిన సంగతీ, ఈ తల్లి వినలేని సంగతీ ఒకటే. అప్పటిదాకా ప్రయోగశాల మైక్రోస్కోపు కింద ఆ పెంకులు కనబడ్డాయని సంతోషించానే తప్ప, అవి ఒక మనిషి చివరి ఊపిరితో లోపలికి వెళ్లినవని నేను తలచుకోలేదు. చెప్పొద్దు సార్, తలకి దెబ్బ తగిలి తెలివి తప్పిందని చెప్పండి, ఏదో ఒకటి చెప్పండి అని లోపల మొత్తుకుంటున్నాను.

"అయితే నా కొడుకు నీల్లలో పడ్డప్పుడు బతికే ఉన్నాడు."

"బతికే ఉన్నాడమ్మా."

"ఆయాసపడ్డాడా?"

పైడిరాజు గారు ఆమె ముఖంలోకే చూస్తూ చెప్పారు. "పడ్డాడమ్మా. ఎక్కువసేపు పడి ఉండడు. పడ్డాడు మాత్రం."

ఆమె ఏడవలేదు. చేట పక్కన పెట్టేసి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆయన కదల్లేదు. ఓదార్పు మాటలేమీ అనలేదు, వస్తామమ్మా అని లేవలేదు. బస్తీ ఆడవాళ్లు ఒకరిద్దరు వచ్చి చూసి వెళ్లిపోయారు. ఎండ అరుగు మీదినుంచి గోడ మీదికి ఎక్కింది. నాకు కాళ్లు పీకుతున్నాయి, అక్కణ్ణించి పారిపోవాలని ఉంది. ఆయన వేరే పనేదీ లేనట్టు కూర్చునే ఉన్నారు.

చాలాసేపటికి సూరమ్మ ఆయన వైపు తిరిగింది.

"ఆడి గుండె కొట్టుకుంతన్నాది కాబట్టే ఈ కుర్రోడు బైటికొచ్చేడు. అంతేనా?"

"అంతేనమ్మా."

"పోతా పోతా బామ్మర్దిని ఇడిపించుకున్నాడన్నమాట నా కొడుకు."

అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే లేచి, గోడ పట్టుకుని వీధిలోకి వచ్చి, రెండిళ్లవతలికి వినబడేలా కేకేసింది. "ఒలే పార్వతీ! ఇంటికి రాయే! నీ తమ్ముణ్ణి కూడా తీసుకురా, అన్నం వండుతాను."

 నేను బదిలీ అడగలేదు, ఆ ఏడూ, ఆ తరవాతా. పైడిరాజు గారు రిటైరయ్యాక ఆ గదిలో ఆయన కుర్చీ నాకే వచ్చింది. ఇప్పుడు ప్రయోగశాలలు దగ్గరికొచ్చాయి, జవాబులు త్వరగా వస్తున్నాయి, నీళ్లు శుభ్రమైన సీసాల్లోనే తెస్తున్నారు. అడిగేవాళ్లు మాత్రం మారలేదు. నీళ్లలో పోయినవాళ్ల అమ్మలూ, పెళ్లాలూ, అన్నలూ అందరూ ఏదో ఒక భాషలో చివరికి అదే అడుగుతారు, బాధపడ్డాడా అని. లేదని చెప్పగలిగినప్పుడు లేదంటాను. అవునైనప్పుడు అవుననే అంటాను. అన్నాక లేచి రాను. వాళ్లు మళ్లీ మాట్లాడేదాకా అక్కడే కూర్చుంటాను.